ఆలుగడ్డ కోస్తే లోపల గోధుమ రంగు వంకర గీతలు, ఎలీసా అనే వైరస్ పరీక్షలో నెగెటివ్. మట్టిదా, విత్తనందా?

పాస్కో_వ్యవసాయం
వాషింగ్టన్ రాష్ట్రం, కొలంబియా బేసిన్‌లో ఆలు రైతులకు ఫీల్డ్ పనులు చూస్తుంటాను. 125 ఎకరాల పివట్ (చుట్టూ తిరిగే స్ప్రింక్లర్ కింద పొలం), ఇసుక నేల, రస్సెట్ బర్బాంక్ రకం. తవ్వకానికి రెండు వారాల ముందు శాంపిల్ గడ్డలు తీసి కోశాం. తొక్క నున్నగా ఉంది, పైన ఒక్క మచ్చ లేదు. లోపల మాత్రం నీళ్ళలో రాయి వేస్తే లేచే అలల్లా ఒకదాని వెనక ఒకటి గోధుమ రంగు వంకర గీతలు. కత్తి మొనతో గీరితే ఆ గీత దగ్గర బెరడు తగిలినట్టు గట్టిగా ఉంది. వేయించి చూస్తే ఆ గీతలు ఇంకా నల్లబడ్డాయి. ఇలాంటివి కొద్ది శాతం దాటితే ఫ్యాక్టరీ లోడు మొత్తం వెనక్కి పంపేస్తుంది.

రైతు విత్తనందే తప్పంటాడు. విత్తనం అమ్మినాయన మట్టిదే తప్పంటాడు. ఇలాంటి గీతలు తెచ్చే టొబాకో రాటిల్ వైరస్ కోసం ఎలీసా చేయిస్తే నెగెటివ్ వచ్చింది. మరి ఇదేంటి? వచ్చే ఏడు ఆ పొలంలో ఏం వేయాలో, ఇప్పుడు మందు కొట్టించాలో వద్దో నెల రోజుల్లో చెప్పాలి. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

ఇడాహో_అల్లుడు
గీతలు చర్మానికి దగ్గరగా ఉన్నాయా, మధ్యలోనా? ఎండ ఎక్కువై లోపల మచ్చలు రావడం కూడా ఉంటుంది కదా.

పాస్కో_వ్యవసాయం
రెండు చోట్లా ఉన్నాయి. వేడికి వచ్చే మచ్చలు చెల్లాచెదురుగా చుక్కల్లా ఉంటాయి, అవి నాకు తెలుసు. ఇవి అలా లేవు, వరసలో ఉన్నాయి.

డండీ_ల్యాబక్క
తమ్ముడూ, ముందు ఎలీసా నెగెటివ్‌ని నమ్మి కూర్చోకు. రాటిల్ వైరస్‌లో రెండు ఆర్ఎన్ఏ ముక్కలుంటాయి. వైరస్‌కి పై కోటు తయారు చేసే సమాచారం రెండో ముక్కలో ఉంటుంది. మొదటి ముక్క ఒక్కటే ఉన్నా మొక్కలో పెరగగలదు, కణం నుంచి కణానికి పోగలదు. ఎలీసా పట్టుకునేది ఆ కోటునే. కోటే లేకపోతే అది దేన్ని పట్టుకుంటుంది? గడ్డ నిండా వైరస్ ఉన్నా నెగెటివే వస్తుంది. ఆర్‌టీ పీసీఆర్ చేయించు, అదీ మొదటి ముక్కను వెతికే ప్రైమర్లతో. శాంపిల్ చచ్చిన గోధుమ రంగు భాగం మధ్యలోంచి కాదు, ఆ గీత అంచు నుంచి తీయాలి.

ఇంకో సంగతి. ఇలాంటి గీతలు తెచ్చే వైరస్‌లు రెండు. ఒకటి రాటిల్, దాన్ని మోసేది ట్రైకోడోరిడ్ నులిపురుగు. రెండోది పొటాటో మాప్‌టాప్ వైరస్, దాన్ని మోసేది పౌడరీ స్కాబ్ (తొక్క మీద గజ్జి మచ్చలు) తెచ్చే స్పాంగోస్పోరా అనే మట్టి సూక్ష్మజీవి. కత్తికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేయాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు. వేర్ల మీద తెల్లటి బుడిపెలు కనిపించాయా?

జహీరాబాద్_ఆలుగడ్డ
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా ఆలుగడ్డలో కూడా లోపల గోధుమ రంగు ఉంగరంలాగ వచ్చింది. పోయిన రబీలో సగం పోయింది. ఇదే వైరస్సా? ఫొటో పెట్టిన.

రిటైర్డ్_తెగుళ్ళసారు
జహీరాబాద్ తమ్ముడూ, ఫొటోలో రంగు చూసి చెప్పడం కష్టం. గడ్డని రెండు ముక్కలు చేసి గట్టిగా నొక్కండి. ఉంగరం దగ్గర నుంచి చీములాంటిది తెల్లగా వస్తోందా? ఇంకో పని చేయండి. పచ్చగా ఉండి వాడిన మొక్క కాండాన్ని అడుగున కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి, కోసిన వైపు నీళ్ళకు తగిలేలా వేలాడదీయండి. అయిదు పది నిమిషాలు కదపకుండా చూస్తూ ఉండండి. పాలదారంలా తెల్లగా కిందికి జారితే అది వైరస్ కాదు, బాక్టీరియా ఎండు తెగులు.

జహీరాబాద్_ఆలుగడ్డ
ఇప్పుడు మొక్క లేదు సారూ, గడ్డలు మిగిలినయి. నొక్కి చెప్త.

పాస్కో_వ్యవసాయం
అక్కా, వేర్లు పీకి చూశాం. బుడిపెలు లేవు. తొక్క మీద గజ్జి మచ్చలూ లేవు. నేల పూర్తిగా ఇసుక. అంచుల్లో కలుపు బాగా ఉంది, ముఖ్యంగా హెయిరీ నైట్‌షేడ్. మన కామంచి మొక్కకి చెల్లెలనుకోండి. రైతు ఈ ఏడాది కలుపు మందు ఒక విడత మానేశాడు, దాంతో నడుము దాకా పెరిగింది.

ఇడాహో_అల్లుడు
అయితే నా ఓటు నులిపురుగుకే. ఇసుక నేల, నైట్‌షేడ్, శుభ్రంగా ఉన్న తొక్క. ఇక ఆలోచించడానికేముంది?

డండీ_ల్యాబక్క
ఓటుతో తేలదు అల్లుడుగారూ 😀 మాప్‌టాప్ సోకినా తొక్క మీద స్కాబ్ కనపడకపోవచ్చు. మీ వైపు మాప్‌టాప్ లేదనీ అనుకోవద్దు. అమెరికాలో మెయిన్ అనే ఈశాన్య రాష్ట్రంలో బయటపడింది, తర్వాత 2011లో వాషింగ్టన్‌లోనూ దొరికిందని రాశారు.

ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఒకటి చెప్తాను, ఓపికగా చదువు.

పొలంలో అనుమానం ఉన్న చోటు నుంచి రెండు బకెట్ల మట్టి తీయి. పై మట్టి కాదు, జానెడు లోతు దాటాక. మొదటి బకెట్ మట్టిని చేత్తో పిసకకు, జల్లెడ పట్టకు, ఎండలో పెట్టకు. ఐస్ డబ్బాలో చల్లగా తీసుకొచ్చి నేరుగా కుండీల్లో నింపు. ఈ నులిపురుగులు చాలా సున్నితం, బకెట్ గట్టిగా ఎత్తి కింద వేసినా చచ్చిపోతాయి. రెండో బకెట్ మట్టిని పేపర్ మీద పల్చగా పరిచి, నీడలో రెండు వారాలు పూర్తిగా ఆరబెట్టు. ఆరిన మట్టిలో నులిపురుగు బతకదు. స్పాంగోస్పోరా బీజాలు మాత్రం ఏళ్ళ తరబడి ఎండినా బతుకుతాయి.

రెండిట్లోనూ పొగాకు మొలకలు నాటు. బెంథామియానా అనే పొగాకు జాతి దొరికితే మంచిది. చల్లగా ఉంచు, తేమ తగ్గనివ్వకు. నాలుగైదు వారాలకి వేర్లు కడిగి, వేర్లనీ ఆకుల్నీ పీసీఆర్‌కి పంపు. పచ్చి మట్టిలో వైరస్ వచ్చి ఎండిన మట్టిలో రాకపోతే నులిపురుగు, రాటిల్. ఎండిన మట్టిలోనూ వస్తే మాప్‌టాప్. ఈ రెండు కుండీలు నాకు చాలాసార్లు దారి చూపించాయి.

రాజేంద్రనగర్_పీజీ
అక్కా, గౌరవంగానే అడుగుతున్నా. గడ్డ ముక్క నుంచి పీసీఆర్ చేస్తే వారంలో ఏ వైరస్సో తేలిపోతుంది. కుండీలకి రెండు నెలలు పడుతుంది. నెల రోజుల్లో నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి కుండీలు పెట్టుకోమంటే ఎలా?

రిటైర్డ్_తెగుళ్ళసారు
పీసీఆర్ గడ్డ గురించి చెబుతుంది బాబూ. పొలం గురించి చెప్పదు. వైరస్ విత్తనంతో వచ్చి ఉంటే గడ్డలో పాజిటివ్ వస్తుంది, మట్టిలో పాజిటివ్ రాకపోవచ్చు. ఆయన అడిగిన మొదటి ప్రశ్నే అది.

రాజేంద్రనగర్_పీజీ
అది ఒప్పుకుంటాను సార్. కానీ మట్టి నుంచి నేరుగా ఆర్ఎన్ఏ తీసే పద్ధతులు కూడా వచ్చాయి కదా.

డండీ_ల్యాబక్క
వచ్చాయి. మేమూ చేస్తాం. అక్కడ నీ చేతికొచ్చేది గుప్పెడు మట్టి. ఆ గుప్పెట్లో పురుగు లేకపోతే పొలమంతా లేనట్టా? కుండీలో పొగాకు వేరు నెల రోజుల పాటు మట్టంతా తిరిగి వెతుకుతుంది. పీసీఆర్ చేయించొద్దని నేను అనలేదు. ఈ రోజే పంపు. కుండీలు కూడా ఈ రోజే పెట్టు.

పలమనేరు_ఉర్లగడ్డ
పొగాకు మొక్క కుక్కలా వాసన పట్టి దొంగని చూపిస్తుందన్నమాట. మా తాత వింటే సంతోషపడేవాడు.

మా వైపు కూడా ఉర్లగడ్డ వేస్తాం. ఈ వైరస్సులు మన దగ్గర ఉన్నాయా సారూ? భయపడాలా?

రిటైర్డ్_తెగుళ్ళసారు
మన మైదానాల్లో బంగాళాదుంపకి వైరస్ అంటే ముందు భయపడాల్సింది పేనుబంక, తెల్లదోమ, తామర పురుగు మోసుకొచ్చే వాటికి. పౌడరీ స్కాబ్ చలి, తేమ ఉన్న కొండ ప్రాంతాల జబ్బు. నీలగిరుల్లో, సిమ్లా వైపు చూశాను. విత్తనం ఎక్కడి నుంచి తెప్పిస్తున్నారో తెలుసుకోండి, గజ్జి మచ్చలున్న బస్తా దించుకోవద్దు. చాలామంది గడ్డ సైజు చూస్తారు గానీ తొక్క చూడరు.

మట్టి వైరస్ మనకి కొత్తేం కాదు. వేరుశనగలో క్లంప్ వైరస్ ఉంది కదా. మొక్క గుబురుగా గిడసబారి, ముదురు ఆకుపచ్చగా, పొలంలో మడి మడిగా కనిపిస్తుంది. ఏటా అదే మడిలో వస్తుంది, పక్క మడి బాగుంటుంది. దాన్ని మోసే పాలీమిక్సా, ఈ స్పాంగోస్పోరా దగ్గరి చుట్టాలే. వైరస్‌లు కూడా, అదీ మాప్‌టాపూ రాటిలూ, ఒకే కుటుంబం. పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్ళు దీని మీద చాలా ఏళ్ళు పని చేశారు. వేరుశనగకి ముందు సజ్జ దగ్గర దగ్గరగా చల్లి, మొలిచాక రెండు వారాలకి దున్నేస్తే వైరస్ తగ్గుతుందని చూపించారు. బీజాలు సజ్జ వేర్లలోకి దూరతాయి, అక్కడ తమ చక్రం పూర్తి కాకముందే మొక్క పోతుంది. చిన్న రైతుకి అందుబాటులో ఉన్న మార్గం కాబట్టే నాకు దాని మీద అంత ఇష్టం.

పలమనేరు_ఉర్లగడ్డ
అవును సారూ, మా చిన్నాయన పొలంలో ఓ మూల ఏటా అంతే. మేం ఎరువు తక్కువైందనుకున్నాం. ఆ మూలలోనే ఎక్కువ యూరియా పోసేవాళ్ళం.

మాల్మో_చలి
మాప్‌టాప్ గురించి నా అనుభవం చెప్తాను. స్వీడన్ దక్షిణాన ఉంటాను. మా దగ్గర ఇది బాగా ఉంది. ఇక్కడ చిప్స్‌కి వేసే సాటుర్నా రకానికి ఈ గీతలు తొందరగా వస్తాయి. తవ్వినప్పుడు రెండో మూడో గడ్డల్లో గీతలు చూశాం, గిడ్డంగిలో పెట్టి రెండు నెలల తర్వాత కోస్తే చాలా ఎక్కువయ్యాయి. వైరస్ కొత్తగా పుట్టలేదు, లోపల ముందే ఉంది. వేడిగా ఉన్న గడ్డని ఒక్కసారిగా చల్లబరిస్తే వైరస్ చేరిన చోట గీత పడుతుంది. అందుకే తవ్వినప్పుడు బాగుందని సంబరపడొద్దు.

మా పక్క రైతు చేసిన పని నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. చెడిపోయిన గడ్డల్ని ఆవులకి వేశాడు, ఆ పేడ బాగున్న పొలంలో చల్లాడు. స్పాంగోస్పోరా బీజం పశువు కడుపులో చావదని తెలియదు ఆయనకి. మాప్‌టాప్ ఉన్న మట్టిలో 18 ఏళ్ళ తర్వాత కూడా వైరస్ దొరికిందన్న పాత పరిశోధన ఉంది. అంటే మాటలా? పిల్లాడు పుట్టి ఓటు హక్కు వచ్చేదాకా.

ఇడాహో_అల్లుడు
మందేమీ లేదా దానికి?

మాల్మో_చలి
ఫ్లూయాజినామ్ అనే బూజు మందు మట్టిలో కలిపితే స్కాబ్ కొంత తగ్గుతుంది. వైరస్ తగ్గుతుందని ధైర్యంగా చెప్పలేను. గడ్డ కట్టే రోజుల్లో నీళ్ళు ఎక్కువ పెట్టకపోవడం, ఒక పొలం ట్రాక్టరుకి అంటిన మట్టి ఇంకో పొలానికి పోకుండా కడగడం, ఇవే మా చేతిలో ఉన్నవి. ఒక మంచి సంగతి ఉంది. సోకిన విత్తన గడ్డ నుంచి వచ్చే పిల్ల గడ్డల్లో అన్నిటికీ వైరస్ పోదు, సగానికి లోపే పోతుంది. శుభ్రమైన మట్టిలో వేస్తూ పోతే మూడు నాలుగు తరాలకి దానంతటదే సన్నగిల్లుతుంది. మట్టి శుభ్రంగా ఉండటమే కష్టం.

జహీరాబాద్_ఆలుగడ్డ
సారూ, నొక్కిన. తెల్లగా చీములాగ వచ్చింది. వాసన కూడా.

రిటైర్డ్_తెగుళ్ళసారు
అయితే ఎండు తెగులే తమ్ముడూ, మీది వైరస్ కాదు. ఆ మడిలో ఆలు, టమాటా, వంకాయ, మిరప రెండు మూడేళ్ళు వేయకండి. జొన్న, మొక్కజొన్న, వీలైతే ఒక కారు వరి వేయండి. విత్తన గడ్డలు కోసే కత్తిని ప్రతి గడ్డకీ బ్లీచింగ్ నీళ్ళలో ముంచండి, వీలైతే చిన్న గడ్డలు కోయకుండానే నాటండి. మిగిలిన గడ్డల్ని దిబ్బలో వేయకండి, లోతుగా పూడ్చేయండి.

జహీరాబాద్_ఆలుగడ్డ
దుకాణపాయన వైరస్ మందని మూడుసార్లు పురుగుల మందు అమ్మిండు సారూ. తొమ్మిది వేలు అయింది.

రాజేంద్రనగర్_పీజీ
అన్నా, చాలా బాధగా ఉంది. వైరస్‌ని చంపే మందంటూ ఏదీ లేదు. ఎవరైనా సీసా చూపించి అలా చెబితే కొనకండి. ఈ పరీక్షలు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో కూడా చూపించుకోవచ్చు.

పాస్కో_వ్యవసాయం
పీసీఆర్ వచ్చింది. రాటిల్ పాజిటివ్, మొదటి ఆర్ఎన్ఏ ముక్కతో. మాప్‌టాప్ నెగెటివ్. అక్కా, మీరు చెప్పినట్టే వైరస్ ఎలీసాకి దొరక్కుండా తప్పించుకుంది. కుండీలు కూడా పెట్టాను. పొలంలో నాలుగు మూలల నుంచి మట్టి తెచ్చాను. ఇప్పుడు మందు సంగతి చెప్పండి. రైతు వెంటనే మెటామ్ సోడియం అనే మట్టి మందు స్ప్రింక్లర్‌తో కొట్టించేద్దామంటున్నాడు.

ఇడాహో_అల్లుడు
ఆపు, ఆపు. మా మామగారి పొలంలో నేను ఆ పనే చేశాను. నీళ్ళతో పోసిన మెటామ్ పై మట్టిలోనే ఆగిపోయింది. ఈ పురుగులు లోతులో ఉంటాయి, పైది చల్లబడ్డాక మెల్లగా ఎక్కివస్తాయి. మళ్ళీ ఏడు అవే గీతలు. మామగారు ఒక్క మాట అనలేదు, భోజనాల దగ్గర మాత్రం పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఆ తర్వాత లోతుగా గొట్టాలతో 1,3-డైక్లోరోప్రొపీన్ అనే నులిపురుగు మందు దించాం, అది పని చేసింది. ఖర్చు మాత్రం గుండె పట్టుకునేంత. పంట మీద ఉన్నప్పుడు ఆక్సమిల్ అనే మందు కూడా వాడతారు, కానీ గడ్డ కట్టక ముందే మొదలుపెట్టాలి. మనిషికి చాలా విషం, జాగ్రత్త.

మాల్మో_చలి
ఇక్కడ యూరోపియన్ యూనియన్‌లో ఆ దారులు కూడా మూసుకుపోయాయి. డైక్లోరోప్రొపీన్ ఎప్పుడో పోయింది, ఆక్సమిల్‌కి 2023లో అనుమతి పొడిగించలేదు. మందు ఉందని అలవాటు పడకపోవడమే మంచిది.

డండీ_ల్యాబక్క
పాస్కో తమ్ముడూ, నీ పక్కనే ప్రోసర్ ఊళ్ళో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు లూసర్న్ గడ్డితో చేసిన పని చదువు. లూసర్న్ మీద పురుగు బాగానే బతుకుతుంది, పిల్లల్ని కూడా పెడుతుంది. కానీ వాళ్ళు చూసిన వైరస్‌ని ఆ గడ్డి పట్టుకోదు. పురుగు కుబుసం విడిచినప్పుడల్లా నోట్లో ఉన్న వైరస్ ఊడిపోతుంది. గుడ్ల ద్వారా పిల్లలకి పోదు. కొత్త పురుగుకి వైరస్ దొరికే మొక్క లేకపోతే, పురుగు మిగులుతుంది, వైరస్ పోతుంది. చంపాల్సిన అవసరమే లేదు!

అయితే ఒక షరతు. లూసర్న్ మధ్యలో ఒక్క నైట్‌షేడ్ మొక్క మిగిలినా మొత్తం వృథా. ఈ రాటిల్ వైరస్‌కి ఆ నైట్‌షేడ్ వేరు ఇల్లు లాంటిది.

ఇడాహో_అల్లుడు
అక్కా, అంత తేలిక కాదు. ఆలు వేస్తే వచ్చే డబ్బు లూసర్న్‌కి వస్తుందా? భూమి కౌలుకి తీసుకున్న రైతు రెండేళ్ళు గడ్డి వేయగలడా? కాయితం మీద బాగుంటుంది.

డండీ_ల్యాబక్క
అందుకే కుండీలు. 125 ఎకరాలూ లూసర్న్ వేయమని నేను అనడం లేదు. ఎక్కడ ఉందో ముందు తెలియనివ్వండి.

రాజేంద్రనగర్_పీజీ
రకం మార్చడం సంగతి ఎవరూ చెప్పలేదే? కాజిల్ రస్సెట్ అనే కొత్త రకానికి రాటిల్, మాప్‌టాప్ రెండింటినీ తట్టుకునే శక్తి ఉందని చదివాను. పాత రకాల్లో బింట్యె రాటిల్‌ని తట్టుకుంటుంది, పెంట్‌లాండ్ డెల్ మాత్రం ఇట్టే దెబ్బతింటుంది.

పాస్కో_వ్యవసాయం
కాజిల్ రస్సెట్ సంగతి రైతుకి చెప్పాను. ఫ్యాక్టరీ ఒప్పుకోవాలి, వాళ్ళకి బర్బాంక్ అలవాటు. అడుగుతాను.

పాస్కో_వ్యవసాయం
ఆరు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. కుండీల ఫలితం చెప్తానన్న మాట నిలబెట్టుకుంటున్నాను.

నాలుగు మూలల్లో రెండు మూలల పచ్చి మట్టిలో పొగాకుకి వైరస్ వచ్చింది. ఆకుల మీద సన్నటి గీతలు, మచ్చలు, పీసీఆర్‌లో పాజిటివ్. ఎండబెట్టిన మట్టిలో నాలుగిటికి నాలుగూ శుభ్రం. ఆ రెండు మూలలూ కలుపు మందు మానేసిన వైపువే. కలుపు పీకకపోతే ఏమవుతుందని రైతు అడిగేవాడు కదా, మొక్కలు తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టాను. చాలాసేపు చూశాడు.

ఇప్పుడు అనుకున్నది ఇది. ఆ రెండు మూలలూ కలిపి 40 ఎకరాల దాకా, అక్కడ లూసర్న్, నైట్‌షేడ్‌కి మనిషిని పెట్టి పీకించడం. మిగతాది ఈ ఏడు గోధుమ. మందు కొట్టించలేదు. తవ్విన గడ్డల్లో ఆ వైపువి విడిగా తీసి పశువుల దాణాకి అమ్మాం. మా దగ్గర మాప్‌టాప్ లేదని తేలాకే, మాల్మో గారి మాట గుర్తుంది.

పీజీ తమ్ముడూ, నీ పీసీఆర్ లేకపోతే నేను ఆ నెల రోజులూ చీకట్లో ఉండేవాణ్ణి. అక్క కుండీలు లేకపోతే 125 ఎకరాలకీ మందు కొట్టించేవాణ్ణి.

రాజేంద్రనగర్_పీజీ
సరే అన్నా, నేనూ ఒక బకెట్ కొనుక్కుంటా 🙂

జహీరాబాద్_ఆలుగడ్డ
నేను ఆ మడిలో జొన్న వేసిన. మొలక మంచిగున్నది. పక్క మడిలో చిన్న గడ్డలు కోయకుండ నాటిన, కత్తి ముట్టలే.

ఇడాహో_అల్లుడు
లూసర్న్‌లో నైట్‌షేడ్ ఎన్నిసార్లు పీకించాలో లెక్క రాసి పెట్టు పాస్కో. రెండేళ్ళకి ఆలు వేసినప్పుడు ఇక్కడే చెప్పు. నేను నమ్మలేదని గుర్తుంచుకో, నువ్వు చూపిస్తే మామగారికి నేనే చెప్తా.

డండీ_ల్యాబక్క
ఆ కుండీల మట్టి ఎక్కడ పారబోశావు తమ్ముడూ?

పాస్కో_వ్యవసాయం
ఇంకా షెడ్‌లోనే ఉంది అక్కా.

డండీ_ల్యాబక్క
పొలంలో కలపకు. ఓవెన్‌లో బాగా వేడి చేసి పారెయ్. కుండీలు బ్లీచింగ్‌లో నానబెట్టు, నీ బూట్లు కూడా.